నీళ్ళు ఎంతదాకా వచ్చాయో అడుగుదాం

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లో క్యాన్సర్‌తో బతుకుతున్నవారి, వారి ఇంటివారి ఉద్యమ ప్రణాళిక

మేము ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు, కొల్లేటి లంకల మనుషులం. మాలో క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళు ఉన్నారు, ఇంకా కీమో ఎక్కించుకుంటున్నవాళ్ళు ఉన్నారు, ఇక తగ్గదని తెలిసినవాళ్ళూ ఉన్నారు. తల్లికో భార్యకో కొడుక్కో వస్తే ఏళ్ళ తరబడి ఫైలు పట్టుకుని వెంట తిరిగినవాళ్ళు ఉన్నారు. ఒక్క పని కోసం కలిశాం. క్యాన్సర్ వచ్చిన మనిషి మనసులో ఏం జరుగుతోందో, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో, ఆ మనిషిని ఊరు ఎలా చూస్తోందో అడగాలి. విన్నది విన్నట్టు తెలుగులో రాయాలి. లెక్క కట్టాలి. ఆ లెక్క పట్టుకుని ఆసుపత్రులనూ ప్రభుత్వాన్నీ మన ఊళ్ళనూ అడగాల్సింది అడగాలి.

ఇది పరామర్శల సంఘం కాదు, పరిశోధన కోసం పుట్టిన ఉద్యమం. పరిశోధన అనగానే మనది కాదనుకోనక్కర్లేదు. చేపల చెరువు రైతు తెల్లారకముందే లేచి నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చూసుకుంటాడు. చేప పైకి తేలేదాకా ఆగితే చెరువు పోయినట్టేనని వాడికి తెలుసు. తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది. ఆటపాకలో గూడబాతులు ఎన్ని వాలాయో, ఎన్ని గూళ్ళు కట్టాయో లెక్కపెట్టేవాళ్ళున్నారు. ఆ శ్రద్ధలో కొంత మన ఇళ్ళలో మంచం పట్టిన మనిషి దిగులు మీద కూడా పెట్టమని అంటున్నాం.

ఈ పని ఎందుకు కావాలో చెప్పడానికి మాలో ఒక జంట కథ చాలు. వాళ్ళు ఒప్పుకున్నాకే, పేర్లు లేకుండా రాస్తున్నాం.

భర్త తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో హమాలీ. భార్య కూడా అక్కడే పాయలు ఏరేది. ఆమెకు రొమ్ములో గడ్డ వచ్చి ఆపరేషనైంది, కీమో మొదలుపెట్టారు. రెండో విడత పడ్డాక ఉల్లి వాసన తగిలితే చాలు, కడుపులో ఉన్నదంతా బయటికొచ్చేది. కూలి పోయింది. అది సరే, ఆరోగ్యశ్రీ కార్డు మీద వైద్యం కనక నెట్టుకొచ్చారు. భర్త ఒంటి నిండా, చొక్కా నిండా అదే వాసన. ఆయన రెండుసార్లు స్నానం చేసి చూశాడు, పోలేదు. ఒకరోజు చాప, దుప్పటి తీసుకెళ్ళి అరుగు మీద పడుకున్నాడు. ఆ తర్వాత లోపలికి రాలేదు. వానాకాలంలో కూడా అరుగు మీదే. ఆమె ఏమనుకుంది? ఒక పక్క చదునైపోయిన నా ఒళ్ళు చూసి ఈయనకు రోత పుట్టింది అనుకుంది. ఆయనేమో తన వాసన ఆమెకు పడదని, వాంతులు తప్పుతాయని బయట పడుకున్నాడు. కీమో అయిపోయింది, జుట్టు మళ్ళీ వచ్చింది, ఉల్లి వాసన కూడా పడుతోంది. ఆయన మాత్రం అరుగు మీదే ఉన్నాడు. ఆమె పిలవలేదు, ఆయన అడగలేదు. రెండేళ్ళు. మా మొదటి కూడికలో ఒక నర్సమ్మ, "ఇంట్లో మీ ఇద్దరూ ఎలా ఉంటున్నారమ్మా?" అని మామూలుగా అడిగితే ఆ విషయం బయటపడింది.

ఈ రెండేళ్ళలో ఆమెకు ఎన్ని రక్త పరీక్షలయ్యాయో, ఎన్ని స్కాన్లయ్యాయో ఫైల్లో ఉన్నాయి. తేదీలతో సహా ఉన్నాయి. ఆ ఒక్క ప్రశ్న వేసిన దాఖలా ఫైల్లో ఎక్కడా లేదు.

ఆ ప్రశ్న వేయడం, జవాబు రాసిపెట్టడం వైద్యంలో భాగమేనని మా వాదన. దీనికి సాక్ష్యం మన ప్రాంతంలోనే పుట్టింది. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తన తోడబుట్టినవాళ్ళను జబ్బుకు పోగొట్టుకున్న మనిషి. తర్వాత అమెరికా వెళ్ళారు. ఆయన ఆధ్వర్యంలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులు తయారయ్యాయి. వాటితోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ పిల్లలకు వైద్యం చేసి, కొంతకాలమైనా జబ్బును తగ్గించవచ్చని 1948లో లోకానికి చూపించాడు. ఆ ఏడాదే ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. ఆ మందుల్లో ఒకటైన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ మన ఆసుపత్రుల్లో ఎక్కిస్తున్నారు. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియాల్సింది ఇంకోటి ఉంది. ఆ ఫార్బరే, పిల్లాడికి మందిస్తే సరిపోదు, తిండి సంగతి, తల్లిదండ్రుల భయం, ఇంటి ఖర్చు, వీటన్నిటినీ ఒకే కప్పు కింద చూడాలి అన్నాడు. దానికి పూర్తి సంరక్షణ అని పేరు పెట్టాడు. మన భీమవరం బిడ్డ మేధ నుంచి పుట్టిన మందు తిరిగి మన ఊరొచ్చింది. ఆ మందుతో పాటే పుట్టిన రెండో మాట మాత్రం మన దాకా రాలేదు. దాన్ని తెచ్చుకోవడానికే ఈ ఉద్యమం.

చెప్పకండి అనే మాట గురించి

ఈ ప్రణాళిక రాసే పని నాకు అప్పగించారు కనక నా సంగతి కొంచెం చెబుతాను. ముక్క పరీక్ష రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు గారు నన్ను బయట బల్ల మీద కూర్చోమని మా ఆయన్ని లోపలికి పిలిచారు. అది ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అనవసరం, ఏ ఆసుపత్రిలోనైనా జరిగేదే. పది నిమిషాలకు మా ఆయన బయటికొచ్చి, "ఏం లేదంట. చిన్న ఇన్ఫెక్షన్. మందులు ఎక్కిస్తే పోద్దంట" అన్నారు. అప్పటికి ముప్ఫై ఏళ్ళుగా బడిలో పాఠాలు చెబుతున్నదాన్ని. పిల్లలు అబద్ధమాడితే కళ్ళలోకి చూసి పట్టుకునేదాన్ని. ఆయన్ని పట్టుకోవడానికి ఎంతసేపు పడుతుంది? అయినా ఏమీ తెలియనట్టు ఊరుకున్నాను, ఎందుకంటే నాకు తెలిసిందని తెలిస్తే ఆయన కూలిపోతారు. పదకొండు నెలలు అలాగే నటించాం. కీమో గదిలో నా ఎదురుగోడ మీద 'క్యాన్సర్ విభాగం' అని అడుగెత్తు అక్షరాలు ఉండేవి. ఆయన నా పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవారు, నేను ఊఁ కొట్టేదాన్ని. ఒంటి నొప్పి ఇప్పుడు గుర్తు లేదు. ఆ పదకొండు నెలల ఒంటరితనం మాత్రం నిన్న జరిగినట్టు ఉంది.

అమ్మకు చెప్పకండి, ఆవిడ తట్టుకోలేదు. నాన్నకు చెప్పకండి, గుండె ఆగిపోతుంది. ఇలా అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ప్రేమ కొద్దీ అన్నదే. మన సంస్కృతి ఇంతే, పడమటి దేశాల్లో వేరు అని పెద్ద డాక్టర్లు కూడా అంటూ ఉంటారు. ఆ మాట నిజం కాదు. 1961లో అమెరికాలో ఒక సర్వే చేస్తే నూటికి తొంభై మంది డాక్టర్లు క్యాన్సర్ సంగతి రోగికి చెప్పకపోవడమే మంచిదన్నారు. 1979లో మళ్ళీ అవే ప్రశ్నలు అడిగితే నూటికి తొంభై ఏడుగురు చెబుతామన్నారు. పద్దెనిమిదేళ్ళలో అంత మార్పు వచ్చింది. మందులు మెరుగయ్యాయి, రోగులు నోరు విప్పారు, అడిగి రాసుకునేవాళ్ళు తయారయ్యారు. జిమ్మీ హాలండ్ అనే మానసిక వైద్యురాలు 1977లో న్యూయార్క్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో రోగుల మనసు చూడటానికే ఒక విభాగం మొదలుపెట్టింది. ఆమె దారిలో పెరిగిన శాస్త్రాన్ని సైకో ఆంకాలజీ అంటున్నారు. మాకు ఆ పేరుతో పేచీ లేదు గానీ, మన పనికి పేరు తెలుగులోనే కావాలి.

అందరికీ అన్నీ మొహం మీద చెప్పేయాలని మేము అనడం లేదు. కొందరు నిజంగానే తెలుసుకోవాలనుకోరు, అది వాళ్ళ హక్కు. మేము అడుగుతున్నది ఇది: ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో ముందు రోగినే అడగండి. మన ఊళ్ళలో ఎంతమంది తెలుసుకోవాలనుకుంటారు, ఎవరి నోట వినాలనుకుంటారు, విన్నాక పక్కన ఎవరుండాలనుకుంటారు? మా మొదటి అధ్యయనం దీని మీదే.

మాట దగ్గర మొదలుపెట్టాలి

మన పెద్దలు దీన్ని రాచకురుపు అన్నారు, రాచపుండు అన్నారు. ఇప్పుడు ఆ జబ్బు అంటున్నారు, పెద్ద జబ్బు అంటున్నారు. పేరు పలకడానికి కూడా భయమే. రేడియేషన్‌ని కరెంటు పెట్టడం అంటారు. ఆ మాట విన్న ముసలమ్మ షాకు కొడుతుందేమోనని రాత్రంతా నిద్రపోదు. అది ఎక్స్‌రే లాంటిదేనని, బల్ల మీద పడుకున్న ఆ కాసేపు నొప్పే తెలియదని ఎవరైనా రెండు నిమిషాలు చెబితే ఆ రాత్రి నిద్ర దక్కేది. మనసు బాధ చెప్పడానికి మనకు బెంగ ఉంది, దిగులు ఉంది, గుబులు ఉంది, మనాది ఉంది, విరక్తి ఉంది. ఇవన్నీ ఒకటి కావు. బెంగ మనిషి కోసమో ఇంటి కోసమో పుడుతుంది. గుబులు రాబోయేదాన్ని తలుచుకుంటే పుడుతుంది. మనాది లోపల్లోపల తినేస్తుంది. డిప్రెషన్, యాంగ్జైటీ అనే రెండు గంపల్లో వీటన్నిటినీ వేసేస్తే మన మనిషి మాట మనకే అందకుండా పోతుంది.

పరిశోధకులు వాడే ప్రశ్నపత్రాలు మంచివే. 1983లో ఇంగ్లండులో తయారైన ఒక చిన్న పత్రంలో పద్నాలుగు ప్రశ్నలుంటాయి, ఏడు దిగులు మీద, ఏడు ఆందోళన మీద. ప్రపంచమంతా వాడుతున్నారు. దాంట్లో ఒకచోట కడుపులో సీతాకోకచిలుకలు ఎగిరినట్టుందా అనే అర్థంలో అడుగుతారు. దాన్ని మాటకు మాట తెలుగులో పెట్టి గుడివాకలంకలో ఒక అవ్వను అడిగితే ఏమంటుంది? మన మనిషికి గుండె దడదడలాడుతుంది, కడుపులో దేవినట్టుంటుంది, కాళ్ళు లాగేస్తాయి. అందుకే ప్రశ్నపత్రం తెలుగులోకి వచ్చిందంటే సరిపోదు. ఇద్దరు వేర్వేరుగా తెలుగు చేయాలి, ఇద్దరూ కూర్చుని ఒకటి చేయాలి, అసలు పత్రం చూడని మూడో మనిషి దాన్ని తిరిగి ఇంగ్లీషు చేయాలి, తేడా ఎక్కడొచ్చిందో చూడాలి. తర్వాత మన మనుషుల ముందు పెట్టి, ఈ మాట వింటే మీకు ఏం తోచిందండీ అని అడగాలి. చివరగా మానసిక వైద్యుడు మాట్లాడి తేల్చినదానికీ, పత్రం చూపించినదానికీ పొంతన కుదిరిందో లేదో సరిచూడాలి. ఇది ఓపిక పని. ఇందులో మాటల పని ఎవరో వచ్చి చేయలేరు, మన భాషలో ఏడ్చినవాళ్ళే చేయాలి.

మాకొక ఆలోచన ఉంది. 1998లో స్లోన్ కెటరింగ్ డాక్టర్లు, మనసు విప్పి మాట్లాడని మగ రోగుల కోసం థర్మామీటరు బొమ్మ ఒకటి గీశారు. సున్నా నుంచి పది దాకా గీతలు. ఈ వారం మీ బాధ ఎంతదాకా ఉందో చూపించండి అంటే వేలు పెట్టి చూపిస్తారు. నాలుగు గానీ అంతకు మించి గానీ ఉంటే మాట్లాడేవాళ్ళ దగ్గరికి పంపాలన్నది ఇప్పుడు పాటిస్తున్న లెక్క. పక్కనే డబ్బు, పిల్లలు, ప్రయాణం, నిద్ర, భక్తి విశ్వాసాలు, ఏది బాధిస్తోందో టిక్కు పెట్టే పట్టిక ఉంటుంది. బాగుంది. కానీ కొల్లేటి మనిషికి థర్మామీటరు కంటే నీటిమట్టం బాగా తెలుసు. తమ్మిలేరు, బుడమేరు పొంగి ఉప్పుటేరు లాగలేకపోతే లంకలో నీళ్ళు ఏ మెట్టుదాకా వచ్చాయో పసిపిల్లలు కూడా చెబుతారు. కొల్లేటి హద్దు అయిదో కాంటూరా, మూడో కాంటూరా అన్న వాదన ఇక్కడ పుట్టినవాళ్ళందరికీ నోటికొచ్చు. అందుకని కాగితం మీద ఇంటి గోడ, దాని పక్కన కొలబద్ద గీసి, పది గీతలు పెట్టి, "ఈ వారం నీళ్ళు ఎంతదాకా వచ్చాయమ్మా?" అని అడుగుదాం. మోకాలిదాకానా, నడుందాకానా, గొంతుదాకానా? ఇది పనిచేస్తుందని ఇంకా రుజువు కాలేదు. రుజువు చేయడమే మా రెండో అధ్యయనం. తాడేపల్లిగూడెం మెట్టలో నీళ్ళ మాట అంత పట్టకపోవచ్చు, అక్కడ మోసే బస్తా బరువు అడిగితే బాగుంటుందేమో చూడాలి.

మేము నమ్మేవి, నమ్మనివి

మనసు గట్టిగా ఉంటే క్యాన్సర్ తగ్గిపోతుందని మేము చెప్పం. దిగులు పడ్డందువల్లే జబ్బు వచ్చిందని చెప్పే మాటను గట్టిగా ఎదిరిస్తాం. జబ్బు తెచ్చుకున్న తప్పు, తగ్గించుకోలేని తప్పు రెండూ మంచంలో ఉన్న మనిషి నెత్తిన పెట్టే మాటలవి. 1989లో ఒక అమెరికన్ అధ్యయనంలో, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న ఆడవాళ్ళు వారం వారం కలిసి కూర్చుని మాట్లాడుకుంటే ఎక్కువ కాలం బతికారని తేలింది. లోకమంతా సంబరపడింది. 2001లో కెనడాలో 235 మందితో మళ్ళీ చూస్తే ఆయుష్షు పెరగలేదు. కానీ ఆ ఆడవాళ్ళ దిగులు తగ్గింది, నొప్పి బాధ తగ్గింది. మాకు అది చాలు. బతికినన్నాళ్ళు గొంతుదాకా మునిగి బతకకుండా ఉంటే చాలు. ఇంకో మాట, 2010లో బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు 151 మందిని తీసుకుని, సగం మందికి మొదటి నుంచే నొప్పి, మనసు, ఇల్లు చూసే పాలియేటివ్ వైద్యం కూడా జతచేశారు. వాళ్ళ దిగులు తగ్గింది, చివరి రోజుల్లో అనవసరపు మందులు తగ్గాయి, రెండో జట్టు కంటే రెండున్నర నెలలకు పైగా ఎక్కువ బతికారు కూడా.

ఆసుపత్రిలో వైద్యం పొందుతున్న క్యాన్సర్ రోగులు పది మందిలో ముగ్గురు నలుగురికి ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉంటుందని దేశదేశాల అధ్యయనాలను కలిపి చూసినవాళ్ళు 2011లో తేల్చారు. మన ఏలూరులో ఎంత? మన లంకల్లో ఎంత? భర్తకు వస్తే భార్యలో ఎంత? పదో తరగతి మానేసి అమ్మకు జావ కాస్తున్న పిల్లలో ఎంత? ఆ అంకె మన చేతిలో ఉంటే తప్ప ఏ అధికారి దగ్గరా నోరు పెగలదు.

2020 డిసెంబరులో ఏలూరులో జనం వీధుల్లో ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోయినప్పుడు ఏం జరిగిందో అందరికీ గుర్తే. ఐదు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ నుంచి, హైదరాబాదు పోషకాహార సంస్థ నుంచి, సీసీఎంబీ నుంచి బృందాలు దిగాయి. రక్తం తీశారు, నీళ్ళు తీశారు, పాలు తీశారు. రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయన్నారు. ఒక్క వారంలో ఊరి మీదికి ఇంత శాస్త్రం వచ్చింది, రావలసిందే. మెల్లగా, ఇంటికొకరు చొప్పున, తలుపులు మూసుకుని పడిపోతున్నవాళ్ళ కోసం అలాంటి బృందం ఎప్పుడొస్తుందని ఎదురుచూడకుండా మేమే బృందంగా మారుతున్నాం.

కొల్లేటి నీళ్ళ వల్లే, చెరువుల్లో వేసే మందుల వల్లే క్యాన్సర్లు వస్తున్నాయని మాలో చాలామంది అనుకుంటారు. అది వేరే శాస్త్రం తేల్చాల్సిన సంగతి, ఈ ఉద్యమం దాని మీద తీర్పు చెప్పదు. అయితే ఆ అనుమానంతో కుండలో నీళ్ళు చూసిన ప్రతిసారీ భయపడే తల్లి భయం మాత్రం మా పరిశోధనలో భాగమే.

దేవుడి జోలికి మేము పోం. కొల్లేటికోట పెద్దింట్లమ్మకు మొక్కుకునేవాళ్ళు, చర్చిలో ప్రార్థన చేయించుకునేవాళ్ళు, దర్గాకు వెళ్ళేవాళ్ళు అందరూ మాలో ఉన్నారు. మొక్కు వల్ల నిద్రపట్టిందంటే ఆ మాట కూడా రాసుకుంటాం. మొక్కుకున్నాం కదా అని కీమో మధ్యలో ఆపేస్తామంటే మాత్రం కాళ్ళు పట్టుకునైనా ఆపుతాం.

ఊరు గురించి

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఫైలును పట్టుచీరల షాపు సంచిలో పెట్టుకోవడం మా అందరికీ తెలుసు. బస్సులో పక్క సీటు మనిషి ఆసుపత్రి పేరు చదివితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. తెలిస్తే ఏమవుతుంది? చూడ్డానికి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే నిలబడతారు. టీ పెడితే ఇప్పుడే తాగొచ్చామంటారు. మంచినీళ్ళిచ్చినా గ్లాసు పక్కన పెట్టేస్తారు. కూతురికి కుదిరిన సంబంధం, ఆ ఇంటి పిల్లకు రేపు ఇదే వస్తే అన్న మాట మీద ఆగిపోతుంది. క్యాన్సర్ గ్లాసు వల్ల, కంచం వల్ల, పక్కన కూర్చుంటే అంటుకోదు. పుట్టుకతో వచ్చే జన్యువుల వల్ల వచ్చేవి మొత్తం క్యాన్సర్లలో నూటికి ఐదు నుంచి పది మాత్రమే. ఈ రెండు వాక్యాలు తెలియక ఎన్ని పెళ్ళిళ్ళు చెడ్డాయో ఎవరైనా లెక్కపెట్టారా? మేము లెక్కపెడతాం.

మొగుడూ పెళ్ళాల సంగతి కూడా అడుగుతాం. గర్భసంచి తీసేశాక, రొమ్ము తీసేశాక, కరెంటు పెట్టాక కాపురం ఎలా ఉందన్నది మన డాక్టర్లు అడగరు, మన ఆడవాళ్ళు చెప్పరు. సిగ్గు పడాల్సిన విషయం కాదది. ఆడవాళ్ళను ఆడవాళ్ళే, తలుపు వేసి అడుగుతారు. నోటి క్యాన్సర్ వచ్చి దవడ తీసేసిన మగాడు పెళ్ళి పందిట్లో పంక్తి భోజనానికి కూర్చోడు, పొలం గట్టున ఒంటరిగా తింటాడు. అతన్నీ అడుగుతాం. అతను తాగడం ఎప్పుడు మొదలుపెట్టాడో కూడా అడుగుతాం.

ఎలా అడుగుతాం

ముందు నీతి. మనుషుల మీద పరిశోధనకు 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి నియమాలు ఉన్నాయి, వాటిని అక్షరాలా పాటిస్తాం. గుర్తింపు ఉన్న నైతిక సంఘం ఒప్పుకోకుండా ఒక్క ఇంటి తలుపు కూడా తట్టం. ఒప్పంద పత్రం తెలుగులో చదివి వినిపిస్తాం, చదువురానివాళ్ళ దగ్గర సాక్షిని కూర్చోబెట్టి వేలిముద్ర తీసుకుంటాం. ఇష్టం లేకపోతే మధ్యలో లేచి వెళ్ళిపోవచ్చు, దానివల్ల వైద్యానికి ఏ లోటూ రాదని ముందే చెబుతాం. పేరు రాయం. జబ్బు సంగతి తెలియని రోగికి మా ప్రశ్నల వల్ల తెలిసిపోయే ప్రమాదం ఉంది, అందుకే ఎవరికి ఎంత తెలుసో కనుక్కోకుండా క్యాన్సర్ అనే మాట మాకై మేము ఎత్తం.

అడిగే మనిషికి విన్నాక ఏం చేయాలో తెలిసి ఉండాలి. బతకాలని లేదు అన్న మాట వింటే కాగితం మడిచి లేచి రాకూడదు. ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416 ఉంది, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు మా ప్రతి కాగితం అడుగున ఉంటుంది.

తేలింది మొదట ఊళ్ళో చదివి వినిపిస్తాం. లంకలో అడిగింది లంక బడిలో కూర్చుని లంకవాళ్ళకే చెప్పాకే పత్రికలకు పంపుతాం. వాళ్ళు కాదు అంటే మళ్ళీ కూర్చుంటాం.

మేము కోరేవి

చెడ్డ కబురు చెప్పడానికి ప్రతి ఆసుపత్రిలో ఒక గది, రెండు కుర్చీలు, తలుపు. వరండాలో చెప్పకూడదు. క్యాన్సర్ వైద్యం చేసే ప్రతిచోటా తెలుగులో మాట్లాడే కౌన్సిలరు ఉద్యోగం ఉండాలి, దాని ఖర్చు కూడా వైద్యం ఖర్చులో కలవాలి. 2007 నుంచి ఆరోగ్యశ్రీ పేరుతో, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఆపరేషనుకు, కీమోకు, రేడియేషనుకు డబ్బిస్తున్నారు. ఈ పథకం లేకపోతే మాలో సగం మంది ఈ కాగితం మీద సంతకం పెట్టడానికి మిగిలేవాళ్ళం కాదు, ఆ కృతజ్ఞత ఉంది. మనసు వైద్యాన్నీ అందులో చేర్చమంటున్నాం. ఆసుపత్రుల్లో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్రలకు ఆ నీటిమట్టం కాగితం వాడటం నేర్పమంటున్నాం. ఏలూరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు, అంతకు ముందు నుంచే ఆశ్రం వైద్య కళాశాల ఉంది. ఆ పిల్ల డాక్టర్లను చదువుకునే రోజుల్లోనే మా దగ్గరికి పంపండి. జబ్బు గురించి కాదు, చెప్పడం గురించి, వినడం గురించి మా దగ్గర నేర్చుకుంటారు.

నొప్పితో అరిచే మనిషిని మనసెలా ఉందని అడగడం పాపం. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టిన సిసిలీ సాండర్స్ అందుకే ఒంటి నొప్పి, మనసు నొప్పి, సంసారపు నొప్పి, ఆత్మ నొప్పి అన్నీ కలిస్తేనే నొప్పి అంది. మార్ఫిన్ ఇవ్వడానికి ఉన్న అడ్డంకులను 2014లో చట్టం మార్చి చాలావరకు తీసేశారు. మన ఊళ్ళలో ఎవరికి అవసరమైనా మార్ఫిన్ మాత్ర దొరకాలి. హైదరాబాదు ఎంఎన్‌జే ఆసుపత్రి దాకా, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రి దాకా పరిగెత్తక్కర్లేకుండా దొరకాలి. ఆ పరుగులో రైలు టిక్కెట్టు సంగతి కూడా మనవాళ్ళకు ఎవరూ చెప్పరు: వైద్యానికి వెళ్ళే క్యాన్సర్ రోగికి స్లీపరులోనూ థర్డ్ ఏసీలోనూ పూర్తి రాయితీ ఉంది, ఆసుపత్రి ఇచ్చే పత్రం చూపిస్తే చాలు.

ఇదంతా జరిగే పనేనా అని అడిగేవాళ్ళకు కేరళ చూపిస్తాం. 1993లో కోళిక్కోడ్ వైద్య కళాశాలలో ఒక చిన్న గదిలో మొదలైన పాలియేటివ్ సేవ, ఇరుగుపొరుగు స్వచ్ఛంద కార్యకర్తల చేతికొచ్చి మలప్పురం వీధి వీధికీ పాకింది. మనం ఇచ్చే చందాల్లాంటి చిన్న చిన్న చందాలతోనే నడిచింది. 2008లో ఆ ప్రభుత్వం దాన్ని తన విధానంగా ప్రకటించింది. ముందు ఇరుగుపొరుగు కదిలారు, ప్రభుత్వం వెనక వచ్చింది.

ఈ ఉద్యమానికి ఇంకా పేరు పెట్టలేదు. బోర్డు కూడా లేదు. మా దగ్గర ఉన్నది పదిహేను నోటుపుస్తకాలు, ఒక నీటిమట్టం బొమ్మ, తాడేపల్లిగూడెంలో ఇప్పుడు అరుగు మీద కాక లోపల పడుకుంటున్న ఒక హమాలీ. నర్సులు రండి, మేష్టార్లు రండి, లెక్కలు తెలిసిన కాలేజీ పిల్లలు రండి. క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళు ముందు రండి, అడగడం మీకే బాగా వస్తుంది.

రాలేనివాళ్ళను ఒక్కటే కోరుతున్నాం. మీ వీధిలో ఆ జబ్బు ఉన్న ఇల్లు మీకు తెలుసు. ఈ వారంలో ఒకసారి వెళ్ళండి. గుమ్మం దగ్గర ఆగకుండా లోపలికి వెళ్ళి కూర్చోండి. ఎలా ఉన్నారని అడిగి, చెప్పేది పూర్తయ్యేదాకా వినండి. మంచినీళ్ళిస్తారు. తాగండి.